ఇంటర్ అయ్యాక ఏ సీటు? వరంగల్ చుట్టుపక్కల పేదింటి పిల్లలకు ఫీజుల లెక్క

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారానికల్లా కాలేజీల పీఆర్వోలు ఊళ్లలోకి దిగుతారు. పరకాల, నర్సంపేట, ములుగు, మహబూబాబాద్, ఎక్కడైనా ఒకటే మాట: "ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, అంతా రీయింబర్స్‌మెంట్." అందులో సగం నిజం. అర్హత ఉంటే సర్కారు ఫీజు ఇస్తుంది. కానీ చేరిన ఏడాదే ఇస్తుందన్న నమ్మకం లేదు. బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు రాష్ట్రమంతటా బంద్ చేశాయి. ఆ బకాయి సర్కారుకూ కాలేజీకీ మధ్య ఉండాల్సింది. కోర్సు అయిపోయాక టీసీ, మెమోలు అడగబోతే మాత్రం "ముందు ఫీజు కట్టు" అనే మాట పిల్లల మీదికొస్తుంది.

కాబట్టి రెండు సీట్ల మధ్య తేల్చుకోలేకపోతే మొదట అడగాల్సింది "ఫీజెంత" అని కాదు. "సర్కారు డబ్బు రెండేళ్లు రాకపోతే ఆ భారం ఎవరి మీద?" అని. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫీజే తక్కువ, కాబట్టి ఆలస్యమైనా ఇల్లు మునగదు. ఏడాదికి తొంబై వేల ఫీజున్న ప్రైవేటు ఇంజినీరింగ్‌లో అదే ఆలస్యం అప్పుగా మారుతుంది. కింద చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే.

ఈపాస్‌లో ఎవరికి ఎంత

ఫీజు, స్కాలర్‌షిప్‌ల కోసం దరఖాస్తు పెట్టే సర్కారు వెబ్‌సైటు తెలంగాణ ఈపాస్. అందులో రెండు ముక్కలుంటాయి. ఒకటి ఆర్టీఎఫ్, అంటే ట్యూషన్ ఫీజు. రెండోది ఎంటీఎఫ్, అంటే మెస్, ఖర్చుల డబ్బు. ఈబీసీ (ఓసీల్లోని పేద) పిల్లలకు ఆర్టీఎఫ్ ఒక్కటే, ఎంటీఎఫ్ ఉండదు. ఇది తెలియక "పక్కింటోళ్లకు వచ్చింది, మాకెందుకు రాలేదు" అని ఏడాదంతా తిరిగేవాళ్లున్నారు.

ఆదాయ పరిమితి బీసీ, ఈబీసీలకు ఊళ్లలో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీలకు కేంద్రం పోస్ట్ మెట్రిక్ పథకంలో 2.5 లక్షలు. తల్లిదండ్రులిద్దరి ఆదాయం కలిపే లెక్క.

కన్వీనర్ కోటాలో, అంటే సర్కారు కౌన్సెలింగ్‌లో ర్యాంకు మీద, ఇంజినీరింగ్ సీటొచ్చిన ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆ కాలేజీకి ఖరారైన ఫీజు మొత్తం వర్తిస్తుంది. బీసీ, ఈబీసీలకు ఈఏపీసెట్ (ఇంజినీరింగ్ ఎంట్రన్స్) ర్యాంకు 10,000 లోపు ఉంటే మొత్తం ఫీజు, దాటితే 35,000 వరకే. మిగిలింది ఇంటి నుంచే కట్టాలి. పీఆర్వో చెప్పని సగం ఇదే.

మేనేజ్‌మెంట్ కోటా (కాలేజీయే నింపుకునే సీటు), స్పాట్ అడ్మిషన్ (కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీటు), దూరవిద్య, వీటికి రీయింబర్స్‌మెంట్ లేదు. అన్నింటికన్నా ఎక్కువమంది దెబ్బతినేది స్పాట్ దగ్గరే. కౌన్సెలింగ్ మూడు విడతలూ అయిపోయేదాకా ఆగి, "ఆఖర్లో స్పాట్‌లో చేరదాంలే" అనుకుంటారు. సీటు అదే, బెంచీ అదే, సార్లూ వాళ్లే, కానీ ఫీజు మాత్రం పూర్తిగా సొంతం. ఆఖరి విడతలో నచ్చని బ్రాంచి వచ్చినా, స్పాట్‌లో నచ్చిన బ్రాంచి తీసుకునే ముందు నాలుగేళ్ల ఫీజు కాగితం మీద రాసి చూసుకోండి.

ఇంకొకటి. ఒక డిగ్రీ పూర్తిచేసి అదే స్థాయిలో ఇంకో డిగ్రీలో చేరితే స్కాలర్‌షిప్ రాదు. బీఏ అయ్యాక బీఎస్సీ అంటే సొంత డబ్బే. బీఈడీ, ఎంబీఏ, ఎంఎస్సీ లాంటి పై మెట్టుకు వెళ్తేనే మళ్లీ అర్హత.

డిగ్రీ: దోస్త్‌లో ఏ కాలేజీ ముందు పెట్టాలి

దోస్త్ అంటే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్. హన్మకొండ, వరంగల్‌లో డిగ్రీకి వచ్చే పిల్లలకు మూడు రకాల సీట్లున్నాయి. సుబేదారిలోని యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, హన్మకొండలోని కాకతీయ ప్రభుత్వ కాలేజీ, అమ్మాయిలకు పింగిలి ప్రభుత్వ మహిళా కాలేజీ లాంటివి ఒక రకం. రెండోది సంక్షేమ శాఖల గురుకుల డిగ్రీ కాలేజీలు. మూడోది నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు బోర్డులు కట్టుకున్న ప్రైవేటువి.

అమ్మాయికి గురుకుల డిగ్రీ సీటు వస్తే చాలా ఇళ్లకు అదే మేలు. చదువు, బస, తిండి ఒకే చోట, చేతి నుంచి పోయేది దాదాపు ఏమీ ఉండదు. తిండికిచ్చే డైట్ చార్జీలను 2024 చివర్లో కాలేజీ పిల్లలకు నెలకు 1,500 నుంచి 2,100కు పెంచారు. ఇబ్బందల్లా కోర్సుల దగ్గరే. కోరుకున్న కాంబినేషన్ దగ్గర్లోని గురుకులంలో లేకపోవచ్చు, ఉన్న సీట్లూ తక్కువే. బయటికి పోయి పార్ట్‌టైమ్ పని చేసుకోవడం, సాయంత్రం కోచింగ్‌కు వెళ్లడం కుదరదు. గ్రూప్స్, బ్యాంకు పరీక్షల కోచింగ్ డిగ్రీతో పాటే సాగాలనుకునే అమ్మాయి ఈ సంగతి ముందే చూసుకోవాలి.

ప్రభుత్వ కాలేజీ సీటు, దానికి తోడు సంక్షేమ శాఖ కాలేజీ హాస్టల్. అబ్బాయిలకు మా మొదటి ఓటు దీనికే. హాస్టల్ సీటు కాలేజీ సీటుతో పాటు దానంతటది రాదు, విడిగా దరఖాస్తు చేయాలి. సీట్లు తక్కువ, త్వరగా నిండిపోతాయి. దోస్త్‌లో సీటు ఖరారైన రోజే అలాట్‌మెంట్ కాగితం, కులం, ఆదాయం సర్టిఫికెట్లు పట్టుకుని వార్డెన్ దగ్గరికి వెళ్లాలి. "క్లాసులు మొదలయ్యాక చూద్దాం" అన్నవాళ్లకు దొరికేది ప్రైవేటు హాస్టల్ మంచమే. నెలకు 5,000 అనుకున్నా పది నెలలకు 50,000. డిగ్రీ ఫీజుకన్నా అదే ఎక్కువ.

అమ్మాయిలకు ఇంకో దారీ ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. నర్సంపేట, పరకాల, జనగామ నుంచి రోజూ రాగలిగితే హాస్టల్ ఖర్చే ఉండదు. రానూపోనూ రెండున్నర, మూడు గంటలు పోతాయి, ల్యాబు ఉన్న రోజు చీకటి పడుతుంది. బస్సు టైములు చూడకుండా ఈ లెక్క వేసుకోవద్దు. ఊరికి చివరి బస్సు సాయంత్రం ఆరింటికే అయితే సైన్సు గ్రూపు అమ్మాయికి ఇది నడవదు.

ప్రైవేటు డిగ్రీ కాలేజీని మూడో వరసలో పెట్టమంటున్నది చదువు బాగుండదని కాదు. కొన్ని బాగానే చెప్తాయి. కానీ రీయింబర్స్‌మెంట్ ఆగినప్పుడు సర్టిఫికెట్లు ఆగేది అక్కడే. కాకతీయ యూనివర్సిటీలో పీజీ సీటొచ్చినా టీసీ లేక ఆ సీటు చేజారే ప్రమాదముంది. చేరక తప్పదనుకుంటే ట్యూషన్ కాక ఇంకేం వసూలు చేస్తారో, పరీక్ష ఫీజు ఎవరు కట్టాలో చేరే రోజే కాగితం మీద రాయించుకోండి. నోటి మాట మూడో ఏడాదికి ఎవరికీ గుర్తుండదు.

దోస్త్‌లో జారిపడే చోట్లు రెండు. మొదటిది ఐడీ, పిన్, ఓటీపీ కాలేజీ వాళ్ల చేతిలో పెట్టడం. "మేమే ఆప్షన్లు పెడతాం తమ్ముడూ" అని తమ కాలేజీ ఒక్కటే పెట్టేస్తారు. పిల్లాడి మార్కులకు ప్రభుత్వ కాలేజీలో బీకాం కంప్యూటర్స్ వచ్చేదే, కానీ జాబితాలో ఆ పేరే ఉండదు. రెండోది సెల్ఫ్ రిపోర్టింగ్. సీటు అలాట్ అయిందని మెసేజీ వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్ట్ చేయకుండా గడువు దాటిస్తే సీటు పోతుంది. ఆధార్‌కు లింకైన ఫోను నంబరు చాలా ఇళ్లలో ఎప్పుడో తీసేసిన సిమ్‌ది. ఓటీపీ అక్కడికే పోతుంది. దోస్త్ మొదలవకముందే ఆధార్ సెంటర్లో నంబరు మార్పించుకోండి.

ఒరిజినల్ మెమోలు, టీసీ పీఆర్వోకు ఇవ్వకండి, చూపించడానికైనా సరే. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే కాలేజీలకు స్పష్టంగా చెప్పింది. అయినా ఒకసారి వాళ్ల బ్యాగులోకి పోయిన కాగితం వెనక్కి తెచ్చుకోవడానికి నాలుగు బస్సు చార్జీలవుతాయి.

ఇంజినీరింగ్: 35,000 దగ్గర లెక్క మారుతుంది

ఒక ఉదాహరణ చూద్దాం. నర్సంపేట దగ్గరి ఊరు, బీసీ కుటుంబం, ఏడాదికి 1.2 లక్షల ఆదాయం, అమ్మాయికి ఈఏపీసెట్‌లో 30,000 ర్యాంకు. కౌన్సెలింగ్‌లో వచ్చిన ప్రైవేటు కాలేజీ ఫీజు 90,000 అనుకుందాం. సర్కారు ఇచ్చేది 35,000, ఇంటి నుంచి కట్టేది 55,000. నాలుగేళ్లకు 2,20,000. హాస్టల్లో ఉంటే ఏడాదికి 50,000 చొప్పున ఇంకో 2,00,000. అంటే "అంతా ఫ్రీ" అన్న సీటుకు 4,20,000. దీనిమీద ల్యాప్‌టాప్, పరీక్ష ఫీజులు, మధ్యలో సర్కారు డబ్బు ఆలస్యమైతే ఆ 35,000 కూడా ముందు కట్టమనే ఒత్తిడి.

ఇదే ర్యాంకుతో 55,000 ఫీజున్న కాలేజీ దొరికితే నాలుగేళ్లకు ఇంటి వాటా 80,000. తేడా 1,40,000. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు పక్కన ఫీజు కూడా రాసుకుని, 35,000 తీసేసిన అంకె చూస్తూ వరస పెట్టండి. బీసీ, ఈబీసీ పిల్లలకు అసలు ఫీజు అదే. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఈ తీసివేత అక్కర్లేదు కాబట్టి వాళ్లు మంచి కాలేజీని ధైర్యంగా పైన పెట్టొచ్చు. ఈ తేడా చెప్పకుండా అందరికీ ఒకే ఆప్షన్ల జాబితా రాసిచ్చే నెట్ సెంటర్లున్నాయి.

యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలను పైన పెట్టాలన్న మాట నిజమే. కాకతీయ యూనివర్సిటీవి, జగిత్యాల, మంథని వైపు జేఎన్టీయూవి ఉన్నాయి. అయితే కోర్సు రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా (పిల్లల ఫీజుల మీదే నడిచేదా) చూసుకోండి. ప్రభుత్వ యూనివర్సిటీ గేటు లోపలే సెల్ఫ్ ఫైనాన్స్ ఫీజు చాలా ఎక్కువ ఉండొచ్చు.

మరి ఇంజినీరింగా, డిగ్రీయా? చివరి విడతలో ఎక్కడో పేరు తెలియని కాలేజీలో ఏదో బ్రాంచి, దానికి నాలుగేళ్లలో నాలుగు లక్షలు. ఆ పక్కన ప్రభుత్వ కాలేజీలో కంప్యూటర్స్ ఉన్న బీఎస్సీ, చేతి ఖర్చు దాదాపు సున్నా, మూడేళ్లలో పూర్తి, తర్వాత ఐసెట్ రాసి ఎంసీఏకి వెళ్తే మళ్లీ రీయింబర్స్‌మెంట్. అప్పు చేయాల్సిన ఇంటికి రెండోదే సరైనది అంటాం. బంధువుల్లో "మావాడు బీటెక్" అనే మాటకు నాలుగు లక్షలు ఎక్కువ ధర.

పదో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే బాసర ట్రిపుల్ ఐటీ గుర్తుపెట్టుకోండి. 2008లో మొదలైంది, పదో తరగతి తర్వాత ఆరేళ్ల కోర్సు, అక్కడే బస. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు అదనపు వెయిటేజీ ఇస్తారు. రీయింబర్స్‌మెంట్ అర్హత లేనివాళ్లకూ ఏడాది ఫీజు 37,000. పదితోనే పాలిటెక్నిక్ వైపు వెళ్లినా నష్టం లేదు, డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఒక ఏడాది ఫీజు అలా తగ్గుతుంది.

ఇంటి పక్కనే ఉన్న నిట్

కాజీపేట దారిలో రోజూ నిట్ (కేంద్రం నడిపే ఇంజినీరింగ్ సంస్థ) గేటు ముందు నుంచే పోతూ, "అది మనకెక్కడ" అనుకునేవాళ్లే ఎక్కువ. బీటెక్ ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కు 62,500, ఏడాదికి 1.25 లక్షలు. వినగానే భయపడతారు. కానీ ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తి మాఫీ. కులంతో పనిలేకుండా కుటుంబ ఆదాయం లక్ష లోపైతే పూర్తి మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్యైతే మూడింట రెండొంతులు మాఫీ. అంటే 3 లక్షల ఆదాయమున్న ఇంట్లో ఏడాదికి కట్టేది సుమారు 41,700. పైన చెప్పిన ప్రైవేటు కాలేజీలో ఇంటి నుంచి కట్టే 55,000 కన్నా తక్కువ. హాస్టల్, మెస్ వేరే. సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకే.

ఇక్కడ బీసీ పిల్లలు జారేది ఒక కాగితం దగ్గర. నిట్ సీట్లిచ్చే జోసా కౌన్సెలింగ్‌లో రాష్ట్రం ఇచ్చే బీసీ కుల సర్టిఫికెట్ పనికిరాదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (బీసీల్లో సంపన్న కుటుంబం కాదనే) సర్టిఫికెట్ కావాలి, అదీ ఆ ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 తర్వాత తీసింది. పైగా రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో మీ సేవకు పోకముందే చూసుకోవాలి. ఆ కాగితం లేకపోతే రిజర్వేషన్ పోయి ఓపెన్‌లో పోటీపడాలి.

ఎస్సీ పిల్లలకు కేంద్రం టాప్ క్లాస్ పథకం కూడా ఉంది. జాబితాలోని సంస్థల్లో సీటొస్తే, ఆదాయం 8 లక్షల లోపైతే, ఫీజుతో పాటు మొదటి ఏడాది 86,000, తర్వాత ఏడాదికి 41,000 చొప్పున ఖర్చులకిస్తారు.

ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం జాకారం దగ్గర తాత్కాలిక భవనంలో మొదలైంది. దానికి సీయూఈటీ, అంటే కేంద్ర యూనివర్సిటీల ఎంట్రన్స్, రాయాలి. ఆ దరఖాస్తు ఇంటర్ పరీక్షల నాటికే ముగుస్తుంది, ఫలితాలొచ్చాక అడిగితే చేయగలిగిందేమీ లేదు.

ఈపాసా, కేంద్రం స్కాలర్‌షిప్పా

ఇంటర్‌లో బోర్డు టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే వందకు పై ఇరవైమందిలో ఉండి, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపున్న పిల్లలకు కేంద్రం సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. డిగ్రీ మూడేళ్లు ఏడాదికి 12,000, పీజీలో 20,000. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు. అయితే రాష్ట్ర స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు ఇది రాదని నిబంధనల్లోనే ఉంది. రెండింటికీ పెట్టి రెండూ తీసుకుందామనుకుంటే కుదరదు.

ఇంజినీరింగ్‌లో ఉంటే ఈపాసే లాభం, ఆలోచించక్కర్లేదు. ఆదాయ పరిమితి దాటి ఈపాస్ రాని బీసీ, ఈబీసీ ఇళ్లకు కేంద్రానిదే దిక్కు. అసలు చిక్కు మధ్యలో ఉన్నవాళ్లకు: ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, ఇంటి నుంచి వచ్చిపోతారు, ఈపాస్ అర్హత ఉంది, మార్కులూ ఉన్నాయి. ఈబీసీ అయితే ఆర్టీఎఫ్ కింద వచ్చే చిన్న ఫీజు వదులుకుని 12,000 తీసుకోవడం మేలు. సంక్షేమ హాస్టల్లో ఉండే ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలు మాత్రం ఈపాస్ వదలొద్దు, అది వదిలితే హాస్టల్ బసకూ ఇబ్బంది రావచ్చు. కేంద్రం స్కాలర్‌షిప్ ఏటా కొనసాగాలంటే 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి.

ఇంజినీరింగ్, డిప్లొమా అమ్మాయిలకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50,000 ఇస్తుంది. ఆదాయం 8 లక్షల లోపు, ఇంటికి ఇద్దరమ్మాయిల వరకు. మెరిట్ మీద ఇచ్చేది కాబట్టి దరఖాస్తు చేయండి, కానీ వస్తుందని లెక్కలో కలుపుకోకండి. ఇతర స్కాలర్‌షిప్‌ల గురించి దాని నిబంధన చదివాకే సబ్మిట్ నొక్కండి.

లోను తప్పదంటే బ్యాంకే. ఊళ్లో వడ్డీ వ్యాపారి కాదు, ఫీజు కోసం యాప్ అప్పు అసలే కాదు. క్రెడిట్ గ్యారంటీ కింద, అంటే సర్కారు పూచీతో, ఇచ్చే విద్యా రుణానికి 7.5 లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు. కేంద్రం విద్యా రుణ పథకం పీఎం విద్యాలక్ష్మి ఎంపికచేసిన సంస్థలకే వర్తిస్తుంది. మీ కాలేజీ ఆ జాబితాలో లేకపోతే మేనేజర్‌తో వాదించి లాభం లేదు.

దరఖాస్తు ఎక్కడ ఆగుతుంది

ఈపాస్ మొదటి పేజీలోనే పదో తరగతి హాల్ టికెట్ నంబరు, పాసైన ఏడాది, పుట్టిన తేదీ అడుగుతుంది. ఆధార్‌లో తేదీ మెమోకు కలవకపోతే అక్కడే ఆగుతుంది. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోవచ్చు, పేరు రెండుసార్లు. కాబట్టి బడి సర్టిఫికెట్ కాదు, ఎస్సెస్సీ మెమో పట్టుకునే వెళ్లండి. ఇంటిపేరు ముందుందా వెనకుందా, పొట్టి అక్షరంలో ఉందా, మెమోలో ఎలా ఉంటే అలాగే.

ఆదాయం సర్టిఫికెట్ పాతది పెడితే తిరిగొస్తుంది. ఆ ఏడాదికి తాజాగా మీ సేవలో తీయించండి. కుల సర్టిఫికెట్ మాత్రం ఒకసారి తీసింది చాలు. ఆదాయం కాగితానికి జూన్, జులైలో తహసీల్దార్ ఆఫీసుల్లో రద్దీ ఉంటుంది, మేలోనే పెట్టుకుంటే నయం.

బ్యాంకు ఖాతా పిల్లల పేరుమీదే ఉండాలి, అమ్మానాన్నలతో జాయింట్ వద్దు. ఆధార్ లింకయితే చాలదు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్ మీద వచ్చే సర్కారు డబ్బు ఏ ఖాతాకు పోవాలో చెప్పే నమోదు) కూడా ఆ ఖాతాకే ఉండాలి. రెండు ఖాతాలుంటే చివర మ్యాప్ అయిన దానికే డబ్బు పోతుంది. ఫోన్ పే కోసం తెరిచిన ఖాతాలో స్కాలర్‌షిప్ పడి, పాత పాస్‌బుక్ చూసుకుంటూ కూర్చున్నవాళ్లు తక్కువేం లేరు. ఎస్సీ పిల్లలకు కేంద్రం వాటా నేరుగా వాళ్ల ఖాతాకే వస్తుంది. అందులో ఫీజు భాగం కాలేజీకి కట్టి రసీదు దాచుకోవాలి.

ఆన్‌లైన్‌లో సబ్మిట్ చేయడం సగం పనే. ప్రింటు తీసి, మెమోలు, టీసీ, బోనఫైడ్‌లు, కులం, ఆదాయం, రేషన్ కార్డు, పాస్‌బుక్, అలాట్‌మెంట్ ఆర్డర్ జిరాక్సులు జతచేసి కాలేజీలో ఇవ్వాలి. కాలేజీలో వెరిఫై చేశాకే ఫైలు జిల్లా సంక్షేమ అధికారికి పోతుంది. నెలరోజుల తర్వాత స్టేటస్‌లో ఇంకా కాలేజీ దగ్గరే ఉన్నట్టు కనిపిస్తే సంక్షేమ ఆఫీసుకు కాదు, కాలేజీ స్కాలర్‌షిప్ క్లర్కు దగ్గరికి వెళ్లండి. జిల్లా అధికారి దగ్గరుంటే ఏ కాగితం తక్కువైందో అక్కడ అడగండి. శాంక్షన్ అయిందని ఉంటే బిల్లు ట్రెజరీకి పోయిందన్నట్టే, డబ్బు పడ్డట్టు కాదు. ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకోండి. ఫీజు కోసం కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే, మీ దరఖాస్తు మంజూరైందనీ ఆలస్యం మీ వల్ల కాదనీ ప్రిన్సిపాల్‌కు చూపించేది ఆ ఒక్క కాగితమే. రెండో ఏడాది రెన్యువల్ కూడా మర్చిపోవద్దు, పోయినేడు వచ్చింది కదా అని దానంతటది రాదు.